ఒలింపిక్స్ ఆతిథ్యానికి నగరాలు ఎందుకు వెనకాడుతున్నాయి?

ఒలింపిక్స్ జరపడం అంత గౌరవమైతే నగరాలు పోటీ నుంచి ఎందుకు తప్పుకుంటున్నాయని అడిగారు. ప్రధాన కారణం అప్పు భయం. 1976లో ఆటలు జరిపిన మాంట్రియల్ ఆ అప్పు తీర్చేసరికి 2006 వచ్చింది. ఆటల నాటికి పుట్టని పిల్లలు కూడా పెద్దయ్యాక ఆ భారం మోశారన్నమాట. ఏథెన్స్‌లో 2004 కోసం కట్టిన వేదికలు కొన్ని తర్వాత పిచ్చిమొక్కలు మొలిచి పాడుబడ్డాయి.

ఇవన్నీ చూసిన జనం 2024 ఆటల వంతు వచ్చేసరికి ఎదురుతిరిగారు. హాంబర్గ్ ప్రజలు 2015లో ఓటు వేసి మరీ వద్దన్నారు. బోస్టన్, రోమ్, బుడాపెస్ట్ కూడా తప్పుకున్నాయి. మిగిలినవి రెండే. దాంతో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2017లో 2024 ఆటలను పారిస్‌కు, 2028 ఆటలను లాస్ ఏంజెలెస్‌కు ఒకేసారి ఇచ్చేసింది.

తర్వాత పద్ధతే మార్చారు. ఇప్పుడు ఒక కమిషన్ ఆసక్తి ఉన్న నగరాలతో ముందుగా చర్చించి, తగినదాన్ని ప్రతిపాదిస్తుంది. 2032కు బ్రిస్బేన్ 2021లో అలాగే ఖరారైంది. పోటీ కోసం నగరాలు పెట్టే వృథా ఖర్చు దీనివల్ల తగ్గుతుంది, అది మంచిదే. కానీ ప్రజల డబ్బుతో జరిగే పండుగ గురించి మాటలు మూసిన తలుపుల వెనక సాగడం నాకు నచ్చదు.

2036 కోసం మన దేశం 2024 అక్టోబరులో ఆసక్తి లేఖ పంపింది, అహ్మదాబాద్ పేరు ముందు వినిపిస్తోంది. ఏ స్టేడియానికి ఎంత ఖర్చు, ఆటలయ్యాక అందులో ఎవరు ఆడతారు అన్న లెక్క పునాది వేయకముందే ప్రజల ముందు పెట్టాలి.