వెన్ను మీది పొలుసులు చూడండి

నల్ల మిల్క్‌స్నేక్‌కూ నల్ల కింగ్‌స్నేక్‌కూ తేడా ఎలా తెలుసుకోవాలి, మన వైపు కూడా ఇలా పోలికతో తికమక పెట్టే పాములున్నాయా అని అడిగారు. మొదటి సగానికి తొందరగా చెప్పేస్తాను. నాకు చెప్పాలని ఉన్నదంతా రెండో సగం గురించే.

నల్ల మిల్క్‌స్నేక్ కోస్టారికా, పనామా దేశాల్లోని చల్లటి ఎత్తైన కొండలది. మెక్సికో నల్ల కింగ్‌స్నేక్ సొనోరా ఎడారి వైపుది. పెద్దయ్యాక రెండూ నిగనిగలాడే నలుపే. పుట్టినప్పుడు మాత్రం తేడా దాగదు. మిల్క్‌స్నేక్ పిల్లకు ఎరుపు, నలుపు, లేత రంగు పట్టీలు ఉంటాయి, పెరిగేకొద్దీ నలుపు వాటిని మింగేస్తుంది. కింగ్‌స్నేక్ పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడే దాదాపు నల్లగా ఉంటుంది. అందుకని పెద్ద పామును ముందు పెట్టుకుని తల బద్దలు కొట్టుకోవడం కంటే అది ఏ ప్రాంతానిది, పిల్లప్పుడు ఎలా ఉండేది అని పెంచినవాళ్లను అడగడం మేలు. రెండింటికీ మనిషికి హాని చేసే విషం లేదు. పొరపాటు పడినా పోయేదేమీ లేదు. మా కోనసీమలో పొరపాటు పడితే మనిషి పోతాడు.

మా ఊరు వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక. ఇంటి చుట్టూ కొబ్బరితోట, పెరట్లో కొబ్బరి డొక్కల (పీచు తొక్కల) కుప్ప, పశువుల పాక పక్కన గడ్డిమేటు. ఎలుకలు, కప్పలు, చీకటి సందులు, పాముకు కావలసినవన్నీ ఉన్నాయి. ఒంటి మీద తెల్ల పట్టీలున్న ప్రతి పామునూ మా ఇంట్లో కట్లపాము అనే అన్నారు, కనబడగానే కర్ర తీశారు. వాటిలో చాలా వరకు కట్లపాములు కావని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం. అవి వుల్ఫ్ స్నేక్‌లు. ముందు పళ్లు తోడేలు కోరల్లా పొడవుగా ఉంటాయని ఆ పేరు. విషం లేదు. రాత్రిపూట గోడలెక్కి బల్లులను పట్టుకు తింటాయి. ఇంట్లో, అందులోనూ గోడ మీదో తలుపు సందులోనో ఎక్కువగా కనబడేది ఇదే. మన భాషలో దానికి జనం నోట నానిన సొంత పేరు ఒకటి ఉండి ఉంటే సగం గొడవ తప్పేది. పేరు లేకపోవడం వల్ల అది కట్లపాము పేరుతో చస్తోంది.

నా తమ్ముడు అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వీడియోలు చూసి ఈ తేడా నేర్చుకున్నాడు. కట్లు మెడ దగ్గరే మొదలై తోకకు వచ్చేసరికి మాసిపోతే వుల్ఫ్ స్నేక్, మెడ వైపు ఖాళీగా ఉండి వెనక్కి పోయేకొద్దీ కట్లు తేటపడితే కట్లపాము. పెద్ద పాముల విషయంలో ఇది నిజమే. 2022 మే నెలలో వంటింటి గోడ మీద ఒకటి కనబడితే వాడు బాబాయిని కర్ర ఎత్తనివ్వలేదు. ఒళ్లు గోధుమ రంగు, పట్టీలు పాల మీగడ రంగులో మెడ నుంచే మొదలై పక్కలకు వెడల్పవుతున్నాయి, తల చప్పటగా మెడ కంటే వెడల్పుగా ఉంది. చీపురుతో చేటలోకి తోసి తోటలో వదిలాడు. ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరింట్లో పాము కనబడినా వాడికే కబురు.

జూలైలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధిలో నడుము లోతు నీళ్లు. అరుగు ఎత్తుగా ఉండడం వల్ల ఇంట్లోకి మడమ లోతే వచ్చింది. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కుని, బియ్యం బస్తాలు తడవకుండా మంచాల మీద పెట్టాం. మేము నలుగురం నేల మీద చాపలు వేసుకుని పడుకున్నాం. దోమతెరలు తడిసి దండెం మీద ఉన్నాయి. కరెంటు లేదు.

రాత్రి రెండు గంటల వేళ తమ్ముడు లేపాడు. టార్చి వెలుగులో ధాన్యం గాదె పక్కన మూరెడు పాము. "అక్కా, భయపడకు, మన వంటింటి పామే. చూడు, మెడ దగ్గర నుంచే కట్లున్నాయి" అన్నాడు. నిజమే, మెడ దగ్గర కూడా తెల్ల కట్లు కనబడుతూనే ఉన్నాయి. వాడు వంగి తోక పట్టుకున్నాడు. అది గిర్రున తిరిగింది. "గీరుకుంది, అంతే" అంటూ విదిలించాడు. అమ్మ గంప తెచ్చి దాని మీద బోర్లించింది.

వేలి మీద సూదితో గుచ్చినట్టు చిన్న చుక్క. వాపు లేదు, మంట లేదు, రక్తం లేదు. చీమ కుట్టినా ఇంతకంటే నొప్పి ఉంటుంది. నేను గంప సందుల్లోంచి టార్చి వేసి చూశాను. ఒంటి రంగు గోధుమ కాదు, తడిసిన బొగ్గులా నీలం మెరిసే నలుపు. కట్లు ముగ్గుగీతల్లా సన్నగా, తెల్లగా ఉన్నాయి. వెన్ను పొడుగునా నడిమధ్యన ఒక వరస పొలుసులు పక్కవాటికి రెట్టింపు ఉన్నాయి. ఆరు మూలలతో, చాప మధ్యలో వేరే పట్టీ అల్లినట్టు తలకాయ నుంచి తోక దాకా ఒకే వరస. అది కట్లపాము లక్షణమని నాకు అప్పటికి తెలియదు. తేడాగా ఉందని మాత్రం అనిపించింది. ఫోనుతో ఫొటో తీశాను. ఆ ఫొటోయే వాడిని బతికించింది.

వీడియోలో చెప్పని సంగతి ఇది. కట్లపాము పిల్లలకు మెడ వైపు కూడా కట్లు కనబడతాయి. పెద్దయ్యాకే ముందు భాగంలో మాసిపోతాయి. బాగా ముదిరిన పాముకు కట్లు దాదాపు మాయమై ఒట్టి నల్లపాములా ఉండడమూ ఉంది. మీ మిల్క్‌స్నేక్ కథే ఇదీ, వయసును బట్టి వేషం మారుతుంది. మారనిది వెన్ను మీది వరస. విషం మాత్రం గుడ్డులోంచి బయటపడిన రోజు నుంచీ ఉంటుంది.

ఎదురింటి పెద్దాయన వచ్చి, అవతలి లంకలో మంత్రం వేసే మనిషి ఉన్నాడు, పసరు కూడా ఇస్తాడు, అక్కడికి తీసుకెళదాం అన్నాడు. అమ్మ సగం ఒప్పుకుంది కూడా. ఆ పెద్దాయన మంచివాడే, కానీ ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. విషం లేని పాము కరిచినవాళ్లు, కరిచినా విషం ఎక్కనివాళ్లు బతికి వచ్చి మంత్రగాడికి పేరు తెచ్చిపెడతారు. మిగిలినవాళ్లు వచ్చి చెప్పరు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది పోయారని పరిశోధకుల అంచనా. అందులో ఎంతమంది ఇలా పసరు తాగుతూ కూర్చున్నారో అనిపిస్తుంది నాకు.

బాబాయి పడవ తెచ్చాడు. రేవు దాటి ఆటో ఎక్కేసరికి తెల్లవారుతోంది. కడుపులో నొప్పి అన్నాడు తమ్ముడు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో వేలు చూసి, కాటు గుర్తు లేదు, వాపు లేదు, విషం లేని పామే, కూర్చోండి అన్నారు. దాదాపు గంట కూర్చోబెట్టారు. కట్లపాము కాటుకు సాధారణంగా వాపు రాదు, నొప్పి పెద్దగా ఉండదు, అదే దాని గుర్తు అని అక్కడ ఉన్నవాళ్లకు తెలియకపోవడం నన్ను ఈ రోజుకీ దహిస్తుంది. వాడి కనురెప్పలు మెల్లగా వాలిపోవడం మొదలైంది. "అక్కా, నిద్ర రావడం లేదు, కానీ కళ్లు తెరుచుకోవడం లేదు" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. అప్పుడే డ్యూటీ మారి వచ్చిన డాక్టరమ్మకు ఫోనులో ఫొటో చూపించాను. ఆవిడ వేళ్లతో పెద్దది చేసి వెన్ను మీద ఒక్కసారి చూసి, "ఇది కట్లపాము" అంది. ఆ వెంటనే విషానికి విరుగుడు మందు పది సీసాలు ఎక్కించారు.

మందు పడ్డాక కూడా ఊపిరి తగ్గుతూనే పోయింది. నాకు ఆ తర్వాత అర్థమైంది, కట్లపాము విషం నరాల చివరలనే పాడు చేస్తుంది. మందు రక్తంలో తిరిగే విషాన్ని ఆపుతుంది కానీ అప్పటికే పాడైన నరం చివర మళ్లీ బాగుపడడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఊపిరిని యంత్రమే (వెంటిలేటర్) ఆడించాలి. ఆ ఆసుపత్రిలో యంత్రం లేదు. పెద్ద ఆసుపత్రి దాకా అంబులెన్సులో ఒక కుర్రాడు చేత్తో ఊపిరి సంచి నొక్కుతూ తమ్ముడికి ఊపిరి పోశాడు. ఆ కుర్రాడికి చెయ్యి నొప్పి పుడితే సంచి నేను నొక్కాను. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. వరద ఊళ్లకు దగ్గరలో ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఒక ఊపిరి యంత్రం, దాన్ని నడపగలిగే మనిషి, ఈ రెండూ పెట్టండి, తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం.

నాలుగు రోజులు యంత్రం మీదే ఉన్నాడు. వేలు కూడా కదపలేదు. రెప్ప ఎత్తి లైటు వేస్తే కనుపాప కూడా కదలలేదు. బంధువులు లోపలికొచ్చి, మంచం పక్కనే నిలబడి, ఇక లాభం లేదని మాట్లాడుకున్నారు. అయిదో రోజు బొటనవేలు కదిలింది. ఇంటికొచ్చాక వాడు చెప్పాడు, నాలుగు రోజులూ వాడికి అన్నీ వినబడుతూనే ఉన్నాయట. ఎవరు ఏమన్నారో పేరు పేరునా చెప్పాడు. అమ్మ విష్ణు సహస్రనామం చదువుతూ ఎక్కడ తడబడిందో కూడా చెప్పాడు. కట్లపాము కరిచి కదలకుండా పడున్న మనిషి దగ్గర దయచేసి నోరు జాగ్రత్త. శరీరం చచ్చుబడుతుంది, మనసు మేలుకునే ఉంటుంది.

ఆ తర్వాత నేను డొక్కల కుప్ప దగ్గర, పాక చూరులో దొరికిన కుబుసాలన్నీ దాచడం మొదలుపెట్టాను. మీరూ చూడొచ్చు, ప్రాణభయం లేని చదువు. కుబుసాన్ని తడిపి కిటికీ అద్దానికి అతికించండి. కట్లపాముదైతే వెన్ను మీద పెద్ద ఆరు మూలల వరస తెలిసిపోతుంది, తోక అడుగున పొలుసులు చీలకుండా ఒకే పలకలా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌దైతే వెన్ను పొలుసులూ పక్క పొలుసులూ ఒకే సైజు, తోక అడుగున పొలుసులు రెండేసి చొప్పున జతలుగా ఉంటాయి. రంగు కుబుసంలో పెద్దగా నిలవదు, అదే మేలు, కంటిని మోసం చేసేది పోయి అసలు లెక్క మిగులుతుంది.

బతికున్న పాము దగ్గర మాత్రం ఈ చదువు చూపించకండి. పగటిపూట కట్లపాము మందకొడిగా, తల ఒంటి కింద దాచుకుని ఉండలా ముడుచుకుని ఉంటుంది. అది చూసి మెత్తని పాము అనుకుని ఆడుకునేవాళ్లున్నారు, వీడియోలు తీసి పెట్టేవాళ్లున్నారు. రాత్రయితే అదే పాము వేరు. ఆ వీడియోలు చేసేవాళ్లను నేను క్షమించలేను, నా తమ్ముడికి ధైర్యం నేర్పింది వాళ్లే, పిల్ల పాము సంగతి నేర్పనిదీ వాళ్లే. చంపి ఆసుపత్రికి పట్టుకెళ్లడమూ వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ విరుగుడు మందు ఒక్కటే. దూరం నుంచి ఫొటో చాలు. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకోండి. ఆ రాత్రి తెరలు దండెం మీద లేకపోతే నేను ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

మీకు పట్టీల పాము ఫొటో ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి. తల దగ్గరదో తోక దగ్గరదో వద్దు, నడుము దగ్గర వెన్ను పైనుంచి తీసింది కావాలి. నేనూ చూస్తాను, మా తమ్ముడూ చూస్తాడు.