చపాతీకి మారినా బరువు తగ్గదేం?

ప్రశ్న: వయసు 26, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అన్నారు. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు. రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు తింటున్నా బరువు తగ్గట్లేదు. ఇన్సులిన్ బాగా పనిచేయడానికిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. ఏం చేయాలి?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అన్నమైనా చపాతీ అయినా ప్రధానంగా పిండిపదార్థమే. ఎంత తింటున్నారన్నదే లెక్క. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ (రక్తంలో చక్కెరను అదుపుచేసే హార్మోన్) సరిగా పనిచేయదు. అందుకని ఒళ్లు దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది. వెంట్రుకలు, నెలసరి తప్పడం ఆ తర్వాతి సంగతులు.

కంచంలో సగం కూరగాయలు (ఆలుగడ్డ వేపుడు ఈ లెక్కలోకి రాదు), పావు వంతు పప్పో, గుడ్డో, చేపో, మిగతా పావే అన్నం. పొద్దున నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు. రోజుకు మూడు టీలు తాగితే, రెండేసి చెంచాల చక్కెర అంటే ఆరు చెంచాలు. ముందు అక్కడ కోయండి. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవండి, రెండు రోజులు గుంజీలు, బరువులు. నాలుగు కిలోలు తగ్గినా చాలామందికి నెలసరి కుదుటపడుతుంది.

మెట్‌ఫార్మిన్ పరగడుపున వద్దు, భోజనంతో పాటు వేసుకోండి. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడం గురించి మీ డాక్టర్‌ని అడగండి. దీంతో అండం మళ్లీ విడుదల కావచ్చు. ఇప్పుడే గర్భం వద్దనుకుంటే జాగ్రత్త.

నెలసరి 90 రోజులు దాటితే మాత్రం ఊరుకోవద్దు. గర్భాశయం లోపలి పొర మందమైపోతుంది. గర్భం లేదని చూసుకుని, డాక్టర్ నెలసరి తెప్పించే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మాత్రలిస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి సంబంధించిన హార్మోన్), 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే చక్కెర పరీక్షలు చేయించకపోతే చేయించండి.