చక్రాలు తరువాత, ముందు మిణుగురులు

ఇంట్లోనే చిన్న రోబోల గుంపు తయారు చేయాలని ఉంది, కనీసం పదైనా ఉండాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. పది అక్కరలేదు, మూడు చాలు.

నేను మలక్‌పేటలో మేము అద్దెకుండే ఇంటి హాల్లో మొదటిసారే ఐదు చేశాను. ఏది ఎటు వెళ్ళాలో లాప్‌టాప్ నుంచి చెప్పేవాణ్ణి. బుద్ధిగా వరుసలో నడిచాయి. మా తమ్ముడు కాసేపు చూసి, "ఇవి ఐదు రిమోట్ కార్లే కదా అన్నయ్యా" అన్నాడు. కోపం వచ్చింది కానీ, వాడన్నది నిజం. లాప్‌టాప్ మూస్తే ఐదూ కదలకుండా నిలబడిపోయేవి. పంచదార డబ్బా వైపు సాగే చీమల బారుకు మేస్త్రీ ఉండడు. ముందు వెళ్ళిన చీమ వదిలిన వాసన పట్టుకుని ప్రతి చీమా పోతుంది, అంతే. మీ రోబోకు కూడా తన పక్కన ఏముందో మాత్రమే తెలియాలి.

అందుకే మోటార్ల జోలికి పోకుండా మిణుగురులతో మొదలుపెట్టండి. మూడు ఆర్డుయినో నానో బోర్డులు (మనం రాసిన ప్రోగ్రాం నడిపే బుల్లి కంప్యూటర్లు), ఒక్కోదానికి ఒక ఎల్ఈడీ, వెలుతురు పసిగట్టే ఒక ఎల్‌డీఆర్. ప్రతి బోర్డూ సున్నా నుంచి వెయ్యి మిల్లీసెకన్ల వరకు లెక్కపెట్టి, ఒకసారి మెరిసి, మళ్ళీ సున్నాకు వస్తుంది. మధ్యలో పక్క బోర్డు మెరిస్తే, అప్పటికున్న తన లెక్కకు అందులో పదో వంతు కలుపుకుంటుంది. నియమం ఇంతే. లైట్లు ఆర్పి చూడండి. తలో తీరుగా మొదలైన మూడూ కాసేపటికి ఒకేసారి మెరుస్తాయి. ఇలాంటి నియమంతో మెరుపులు ఎందుకు కలుస్తాయో 1990లో మిరోలో, స్ట్రోగాట్జ్ అనే గణిత శాస్త్రవేత్తలు గణితంతో నిరూపించారు. నాకు మాత్రం మొదటి రాత్రి కలవలేదు. ప్రతి బోర్డూ తన మెరుపునే చూసి, పక్కదనుకుని కంగారు పడుతోంది! తాను మెరిసిన వెంటనే పావు సెకను పాటు ఏమీ చూడకూడదని రాస్తే కుదిరింది.

ఆ తరువాత చక్రాలు. ఎన్20 అనే చిన్న మోటార్లు రెండు, ముందు ఒక గోళీ చక్రం. మా ఇంట్లో షాబాద్ బండలు, వాటి సందుల్లో ఆ గోళీ ఇరుక్కునేది. నేల మీద ప్లైవుడ్ చెక్క పరిచాక గాని పని సాగలేదు.

పక్క రోబో ఎంత దూరంలో ఉందో వైఫై సిగ్నల్ బలాన్ని బట్టి తెలుసుకుందామని వైఫై ఉండే ఈఎస్‌పీ32 బోర్డులతో నెల రోజులు వృథా చేశాను. గోడలకు, ఇనప బీరువాకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్‌తో ఆ లెక్క నిలకడగా ఉండదు. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వాడండి. 2014లో హార్వర్డ్‌లో కిలోబాట్లు అనే బుల్లి రోబోలు 1,024 కలిసి ఆకారాలు కట్టినప్పుడు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కింది బల్ల మీద పరావర్తనం చేసి పక్కవాటితో మాట్లాడుకున్నాయి. వాటికి అసలు చక్రాలే లేవు, మూడు సన్నని కాళ్ళ మీద వణుకుతూ జరుగుతాయి. ఒక జాగ్రత్త: చవక ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు ఎండ పడితే పనికిరావు. బాల్కనీ తలుపు మూసి, సాయంత్రాలు పని చేయండి.

సామానుకు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళండి. 18650 అనే రీచార్జ్ సెల్ మీద దాని సామర్థ్యం 9,900 ఎంఏహెచ్ అని ముద్రించి ఉంటే అక్కడే పెట్టి రండి. మంచి కంపెనీవి కూడా 3,500 దరిదాపుల్లోనే ఉంటాయి. మోటార్లన్నీ ఒకే ఆర్‌పీఎంవా (నిమిషానికి తిరిగే చుట్లు) కాదా అని ఒక్కొక్కటీ తిప్పి చూసి మరీ కొనండి. నేను చూడలేదు. ఒకదానికి ఎడమవైపు వంద, కుడివైపు రెండు వందలు పడింది. మా అమ్మ దానికి ప్రదక్షిణల రోబో అని పేరు పెట్టింది.