బిడ్డా, ముందు మీ అమ్మకు చదివి వినిపించు

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి, మంచిచెడ్డలు కూడా అడగకుండా "అన్నా, పిల్ల బుక్కు అచ్చేయిస్తదట" అన్నాడు. వాడి గొంతులో ఆ సంబరం విని నాకూ కళ్లు చెమర్చాయి. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. నువ్వు పంపిన కాగితాల కట్ట రెండుసార్లు చదివాను. మూడోసారి నాలుగో వ్యాసం ఒక్కటే చదివాను. ఈ ఉత్తరం మీ బాపు చేతికి ఇవ్వకు. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. ఐదు వందల కాపీలు వద్దు, రెండు వందలు చాలు, మిగిలినవి మంచం కింద చెదలు తింటాయి. ప్రూఫులు నీ కళ్లతో కాదు, ఇంకొకరితో చూపించు. స్కాలర్‌షిప్ డబ్బులు ముట్టుకున్నావో, నా గడప తొక్కకు. అవి మెస్ బిల్లుకు.

బమ్మెర పోయి, పొలంగట్టు మీద కూర్చుని పోతన మీద రాసింది నాకు బాగా నచ్చింది. కానీ పోతన నాగలికి మూడు పేజీలు పెట్టినదానివి, మీ తాత అరక గురించి ఒక్క ముక్కా రాయలేదేం? కాళోజీ పుట్టినరోజున, సెప్టెంబర్ 9న, యూనివర్సిటీలో మన యాస గురించి అంత ధాటిగా మాట్లాడావే, మరి కలం పట్టగానే ఈ "అస్తిత్వ సంక్షోభం" ఎక్కణ్నుంచి వచ్చింది?

నవ్వకు, నేనూ అంతే. బడిలో పాఠాలు చెప్పడం అయిపోగానే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో కూర్చునేవాణ్ని. 1904లో పెట్టిన గ్రంథాలయం, ఎందరు పెద్దలు చదువుకున్న చోటో. నేను మాత్రం అక్కడ బరువైన మాటలు ఏరుకుని నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ని. ధూళికట్ట బౌద్ధ స్తూపం చూసి వచ్చాక కొన్నాళ్లు బుద్ధుడు తప్ప నా నోట ఇంకో మాట లేదు.

ఆ రోజుల్లోనే, 1997 పత్తి పోయిన ఏడు. నువ్వు పుట్టలేదు. పరకాల దగ్గర మన ఊళ్లో ఎటు చూసినా పత్తే. అకాల వానలు, ఆ వెనకే లద్దె పురుగు. మందు కొట్టిన కొద్దీ పురుగు పెరిగింది. వరంగల్ జిల్లాలో ఊరూరా చావులు. మా వాడకట్టులో నాలుగెకరాలు కౌలుకు పట్టిన మనిషి ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే పొలానికి పోయేవాడు.

నేను ఆయన మీద వ్యాసం రాశాను. చావు గురించి, జీవితానికి అర్థం గురించి ఆరు పేజీలు. విషబాణం తగిలిన మనిషి కథ కూడా పెట్టాను. బాణం పీకించుకోకుండా, కొట్టినవాడిది ఏ కులం, విల్లు ఏ కర్రది అని అడుగుతూ కూర్చుంటే ప్రాణం పోతుందని బుద్ధుడు మాలుంక్యపుత్తుడికి చెప్పిన కథ. ఓ పత్రికలో అచ్చయింది. నా మొదటి అచ్చు. ఎంత మురిసిపోయానంటే, ఒక కాపీ తీసుకెళ్లి ఆయన ఇంట్లోనే ఇచ్చాను.

ఆయన భార్యకు చదువు రాదు. పెద్దపిల్ల ఏడో తరగతి, నా క్లాసే. అరుగు మీద నిలబడి పైకి చదివింది. "జీవన నిరర్థకత" దగ్గర నాలుక తిరగక నా మొహం చూసింది. "ఏకాకిగా" అన్న చోట తల్లి ఆపింది. "ఒక్కడెట్లయితడు సార్? నేను లేనా? ముగ్గురు పిల్లలు లేరా?"

లోపలికి పోయి, రేకుపెట్టెలోంచి పాత చీరముక్కలో కట్టిన చీటీలు తెచ్చి నా ముందు పోసింది. పురుగుమందుల దుకాణం చీటీలు, పదిహేడు. ఒక్కోదాని మీద తారీఖు, మందు పేరు, లీటర్లు, రేటు, పక్కన పెన్సిలుతో మిత్తి. అప్పిచ్చినవాడే పత్తి కొనేవాడు, కాంటా కూడా వాడిదే. "గివి రాయకపోతివి సార్" అంది. అంతే అంది. బాణం నా కళ్ల ముందే ఉంది బిడ్డా. నేను విల్లు గురించి రాసుకుంటూ కూర్చున్నాను.

ఇంకోటుంది. ఇది మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడూ పెళ్లాలకు పడేది కాదని చాయ్ హోటల్లో ఎవరో అంటే, ఆ మాటా ఓ వాక్యంలో ఇరికించాను. నెల తిరక్కుండానే ఆయన అన్నదమ్ములు పెద్దమనుషుల పంచాయితీలో ఆ పేజీ తీసి చూపించారు. "సారే రాసిండు" అని. నేను పోయి, అది విన్న మాటే, చూసింది కాదు అని చెప్పాను. అచ్చులో ఉన్నదే నిజమన్నారు. ఆ పిల్ల తర్వాత రెండేళ్లు నా క్లాసులో కూర్చుంది. ఒక్కసారి కూడా తలెత్తి నన్ను చూడలేదు.

ఇప్పుడు నీ నాలుగో వ్యాసం. మీ అమ్మ బీడీలు. తడిపిన తునికాకు గుడ్డలో చుట్టుకోవడం, ఒళ్లో చాట, టీవీ చూస్తూనే వేళ్లు వాటి పని అవి చేసుకుపోవడం, చదువుతుంటే మా మరదలు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. తర్వాత "పరాయీకరణ" వచ్చింది. పదకొండు సార్లు, లెక్కపెట్టాను. చేసిన వస్తువు చేసినవాడికే పరాయిదైపోతుందని మార్క్స్ 1844లో నోట్సులో రాసుకున్నప్పుడు ఆయనకు 26 ఏళ్లు, నీకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ నోట్సు 1932లో గానీ అచ్చు కాలేదు. నిన్ను అన్నేళ్లు ఆగమనడం లేదు, బతుకమ్మ దాకా ఆగు.

ఎందుకంటే ఆ మాట తర్వాతి పేరాలోనే, నీ ఇంటర్ ఫీజుకు మీ అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి రాశావు. అది మీ బాపుకు తెలియదు. ఇన్నేళ్లు ఆమె దాచుకున్న ముచ్చట రెండు వందల మందికి చెప్పే హక్కు నీకెవరిచ్చారు? కోపంగా అంటున్నాననుకోకు. ఆ పేరా చదివి నేనూ ఏడ్చాను. అందుకే భయం.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆమె పక్కన కూర్చుని, చాట ఆమె ఒళ్లో ఉండగానే, మొత్తం పైకి చదువు. పరాయీకరణతో సహా. తీసెయ్యమంటే తీసెయ్యి. ఉండనీ అంటే, ఆ మాట మీ బాపుకు ముందు ఆమే చెప్పాలి.

నాకు పది కాపీలు, డబ్బులిచ్చే కొంటాను. మీ పెద్దమ్మ ఇప్పుడే సర్వపిండి డబ్బా కడుతోంది, రేపు బస్సుకు పంపుతాం. చదివిన రోజు రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. ఏ లైన్ దగ్గర మీ అమ్మ చెయ్యి ఆగిందో చెప్పు.

మీ పెద్దబాపు