రంగు ఎవరు వేయించారో రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. మీ ఇంటి రంగుల మీద, నీ పుట్టినరోజుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. ముందుగా, నన్ను మేడమ్ అనకు. కంచరపాలెం కుర్రాడివి, పిన్నిగారూ అంటే చాలు.

మూడో పేజీ దాకా చదువుతుంటే ఒళ్లు మండింది. హాలు ఆకుపచ్చ, అది ప్రకృతి. పడగ్గది గులాబీ, అది ప్రేమ. తలుపులు నీలం, అవి సముద్రం. పెయింట్ల కొట్లో షేడ్ కార్డు చదువుతున్నట్టుంది. పైగా ప్రతి పుట్టినరోజుకీ గోడలు నిన్ను చూసి నవ్వడం ఒకటి. గోడలెందుకు నవ్వుతాయి నాయనా, వాటికింకేం పని లేదా?

ఇక చాలు, పక్కన పెట్టేద్దామనుకుంటుండగా కాలెండరు వచ్చింది. హుద్‌హుద్ తుపాను వెళ్లిన మరుసటి ఏడు నీ పుట్టినరోజుకి, కేకు బల్ల వెనక గోడ పెచ్చులూడి ఉంటే, ఫొటోలో పడకూడదని మీ నాన్నగారు కాలెండరు తెచ్చి అక్కడ తగిలించారన్నావు. ఊడిన చోటు కిందకి ఉంది కాబట్టి కాలెండరు నీ నడుం ఎత్తునే వేలాడిందన్నావు. రాసింది రెండు ముక్కలు. వెంటనే ‘అవి మధుర క్షణాలు’ అనేసి గులాబీ గదిలోకి వెళ్లిపోయావు. నేను మాత్రం ఆ మేకు దగ్గరే ఆగిపోయాను. పెచ్చులూడే గోడకి మేకు ఆగుతుందా? కొడుతుంటే ఇంకాస్త రాలలేదూ? పండగపూట అది ఊడ్చిందెవరు? చుట్టాలు అంత కిందున్న కాలెండరు చూసి ఏమీ అనలేదా?

ఇంట్లో ఏ రంగూ దానంతటది రాదు. ఎవరో డబ్బు పెట్టి వేయిస్తారు. డబ్బు చాలకపోతే సగంలో ఆపుతారు. లేదా గాలో, వానో, పోర్టో వేసిపోతుంది. ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో రాయని రంగు నా కంటికి ఆనదు. మీ హాల్లో ఆకుపచ్చ సగం గోడ దాకే ఉందని నువ్వే రాశావు. ఎందుకో అడిగావా? ఆయిల్ పెయింట్ మీద మరకని తడిగుడ్డతో తుడిచేయొచ్చు. పిల్లలు నూనె తలలతో ఆనుకునే ఎత్తు దాకా అది వేయించి, పైన చవకగా డిస్టెంపరుతో సరిపెడతారు. పుట్టినరోజు పొద్దున్నే తలకి నూనె పెట్టించుకుని, కుంకుడు రసం మరిగేదాకా గోడకి చేరగిలబడ్డ పిల్లాడివి నువ్వే కదా. ఆ ఆకుపచ్చ నీ తలకాయ కోసం వేయించింది. ప్రకృతి కోసం కాదు.

మాది విశాఖ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర సందులో అద్దె వాటా. ఇంటివారు ఏడాదికోసారి, సంక్రాంతి ముందు, వెల్ల వేయించేవారు. గుల్లసున్నం తొట్టిలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, బంకా కాస్త నీలిమందూ కలిపేవారు. వేస్తున్నప్పుడు చూస్తే ఏమీ వేసినట్టే ఉండదు, గోడ తడిసి బూడిదరంగులో కనిపిస్తుంది. ఆరేకొద్దీ ఓ మూల నుంచి తెల్లబడుతూ వస్తుంది. మా అన్నయ్యది పుష్యమాసం పుట్టుక. వాడి పుట్టినరోజుకి ఇల్లు ధగధగలాడేది. కొత్త చొక్కా మోచేతులకి సున్నం అంటించుకుంటే అమ్మ దులుపుతూ వెనకాలే తిరిగేది.

నేను ఆశ్వయుజంలో పుట్టాను. అప్పటికి వానలకి గోడలు చెమ్మెక్కేవి, ఆ చెమ్మ మీద పోర్టు దుమ్ము. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఐరన్ ఓర్, అంటే ఇనుప ఖనిజం, కిరండూల్ రైలు లైను మీద మా ఊరొచ్చి జపాను ఓడలెక్కేది. ఎక్కగా మిగిలిన పొడి మా గోడల మీద ఇటుకరంగు చారలు కట్టేది. తుడవబోతే సున్నం కూడా ఊడొచ్చేది. నా పుట్టినరోజు పరవాన్నం గిన్నె మీద మూత తియ్యనిచ్చేవారు కాదు. అన్నయ్యకి తెల్లిల్లు, నాకు ఎర్రిల్లు అని ఏడిస్తే, ‘వచ్చే ఏడు నీకూ వేయిద్దాంలే’ అనేవారు నాన్న. అద్దెకున్నవాళ్లు అలా వేయించలేరని నాకు పెళ్లయి నేనూ ఓ వాటాలో దిగాకగానీ తట్టలేదు.

ఇదంతా కథగా రాసి, తిరుగుటపాకి స్టాంపులు కూడా అంటించి, ఓ వారపత్రికకి పంపాను. వేసుకున్నారు. వేసుకున్నారు గానీ ఓరూ, రైలూ, జపానూ అన్నీ కొట్టేశారు. ‘పుట్టినరోజు కథలో ఓడరేవు గొడవెందుకమ్మా’ అని కార్డు రాశారు ఎడిటరు గారు. ఇక మిగిలింది ఉత్త ఎర్రగోడలు. ఆ రోజుల్లో విశాఖలో ఎరుపు కనిపిస్తే వదిలేవారా! ఓ సభలో ఒకాయన ఆ గోడలు రాబోయే మార్పుకి ప్రతీక అని అరగంట దంచాడు. నేను వెనక వరసలో కూర్చుని వేరుశనక్కాయలు తింటూ విన్నాను. ఇప్పుడు ప్రతీకల మోజు పోయి జ్ఞాపకాల మోజొచ్చింది. అరుగూ, అమ్మమ్మా, ఆవకాయ జాడీ ఉంటే చాలు, అచ్చేస్తున్నారు. నీ మధుర క్షణాలు కూడా అక్కడి సరుకేనని నా అనుమానం.

హుద్‌హుద్‌ని ‘ప్రకృతి ప్రకోపం’ అని తేల్చేశావు. 2014 అక్టోబరు 12, ఆదివారం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్లకీ పెట్రోలుకీ జనం బారులు తీరారు. ఆ వారంలోనే నీ పుట్టినరోజు అంటావు, ‘ఆ ఏడు కేకు లేదు’ అని దాటేస్తావు. కేకు లేకపోతే ఆ రోజు మరేముంది?

ఇంకో సంగతి. మన ఊళ్లో గోడలోకి దిగిన ఉప్పు ఊరుకోదు. చెమ్మ ఆరేటప్పుడు పైకి పొంగి రంగుని తోసేస్తుంది. సున్నమైతే చెమ్మని బయటికి పోనిస్తుంది. పైన పెయింట్ బిగిస్తే దారిలేక పొక్కుతుంది. తుపాను ముందు తెల్లగా ఉన్న ఆ కేకు బల్ల వెనక గోడ మరుసటి ఏటికి ‘మెరిసే పసుపు’ అయిందని నువ్వే రాశావు. అంటే మీ నాన్నగారు అప్పటికే ఆ గోడకి ఓసారి పెయింట్ ఖర్చు పెట్టారు. అది నీ పుట్టినరోజు దాకా కూడా ఆగలేదు. ఆ తర్వాతే కాలెండరు. ఇది నీ వ్యాసంలో ఉంది, నువ్వే చూడలేదు.

ఈ ఆదివారం ఆయన్ని అడుగు. పెయింట్ ఎంతైంది, మేస్త్రీ ఏమని హామీ ఇచ్చాడు, పొక్కిన రోజు వాడితో ఏం మాట్లాడారు. ఆయన చెప్పకపోతే మీ అమ్మగారి దగ్గర లెక్క ఉంటుంది. గులాబీ గది మొత్తం తీసెయ్. కలంపేరూ, పోటీలూ అంటూ ఏవో అడిగావు, అవి తర్వాత. తిరగరాసి పంపేటప్పుడు వాట్సాప్‌లో పెట్టకు, ఆ అక్షరాలు నాకు కనపడవు. కాగితానికి ఒకవైపే రాసి పోస్టులో పంపు.

ఇట్లు,
పిన్ని
విశాఖపట్నం