స్మాల్ పిస్టల్ ప్రైమర్ బదులు స్మాల్ రైఫిల్ ప్రైమర్ పెట్టొచ్చా?

మీరు అడిగింది 9 ఎంఎం పిస్టల్ తూటా గురించి. ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండి, పిన్ దెబ్బకి పేలి లోపలి పౌడర్‌ని వెలిగించే చిన్న కప్పు. అమెరికాలో ఇంట్లోనే తూటాలు లోడ్ చేసుకుంటున్నారు, షాపులో స్మాల్ పిస్టల్ ప్రైమర్లు అయిపోయాయి, స్మాల్ రైఫిల్‌వి మాత్రం ఉన్నాయి. పెట్టొచ్చండి. కానీ పాత లోడ్ (పౌడర్ మోతాదు) మార్చకుండా, ఒక్క ప్రైమర్ మార్చేసి మాత్రం వద్దు.

రెండింటి వ్యాసం 0.175 అంగుళమే, ఎత్తూ ఒకటే, కాబట్టి కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగు గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. తేడా కప్పు మందంలో. సీసీఐ కంపెనీ 500 పిస్టల్ ప్రైమర్ కప్పు సుమారు 0.017 అంగుళం, 400 రైఫిల్ ప్రైమర్‌ది 0.020, 450 మాగ్నమ్ (ఇంకా బలంగా వెలిగించే రకం) రైఫిల్ ప్రైమర్‌ది 0.025. ట్రిగ్గర్ తేలికవ్వాలని స్ప్రింగ్ మార్చిన పిస్టల్ అయితే పిన్ దెబ్బ ఆ మందానికి చాలకపోవచ్చు. ముందు పౌడర్, బుల్లెట్ లేకుండా ప్రైమర్ ఒక్కటే ఎక్కించిన ఖాళీ కేసులు ఒక 20, మీ పిస్టల్‌లోనే, రేంజిలో పేల్చి చూడండి. మొదటి దెబ్బకి పేలక రెండో దెబ్బకి పేలిందంటే చాలాసార్లు తప్పు ప్రైమర్‌ది కాదు, అది అడుగు దాకా కూర్చోలేదు. వేలితో తడిమితే ప్రైమర్ కేసు అడుగు కంటే కాస్త లోపలికి తగలాలి.

తర్వాత పౌడర్. లోడింగ్ మాన్యువల్‌లోని మొదటి (అతి తక్కువ) లోడ్ నుంచే మొదలుపెట్టి 0.1 గ్రెయిన్ (పౌడర్ తూచే కొలత) చొప్పున పెంచండి, పక్కన బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉండాలి. ఒత్తిడి ఎక్కువైతే ప్రైమర్ చదునవుతుంది, కానీ మందపు కప్పు చదును కాకుండా నిలబడుతుంది కాబట్టి ప్రైమర్‌ని చూసి ఒత్తిడి తక్కువే ఉందనుకోవడం ప్రమాదం. నా లెక్కలో ఈ మార్పిడిలో అందరూ మోసపోయేది ఇక్కడే. వేగం మాన్యువల్ చెప్పిన అంకె దాటిందంటే, ప్రైమర్ ఎంత గుండ్రంగా కనిపించినా ఆగిపోవాలి.

దీన్ని తిరగేసి, .223 రైఫిల్ తూటాలో పిస్టల్ ప్రైమర్ పెట్టడం అసలు చేయకండి. 9 ఎంఎం గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .223ది 55,000. పల్చటి కప్పుకి చిల్లు పడి వేడి గ్యాస్ బోల్టులోకి తంతుంది.

లార్జ్ సైజుల సంగతి వేరు. లార్జ్ రైఫిల్ ప్రైమర్ లార్జ్ పిస్టల్ దాని కంటే సుమారు 0.008 అంగుళం ఎత్తు ఎక్కువ. .45 ఏసీపీలో పెడితే పైకి పొడుచుకొస్తుంది, స్లైడ్ మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. .45 కేసుల్లో చిన్న గుంటవీ కలిసి వస్తుంటాయి, ముందే వేరుచేయండి. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని ప్రెస్సు హ్యాండిల్‌తో బలవంతంగా నొక్కితే అది చేతికిందే పేలవచ్చు. హ్యాండిల్ కాస్త మొరాయించినా వదిలేయండి, కళ్లద్దాలు తీయకండి.

.357 మాగ్నమ్‌లో హెచ్110 పౌడర్ వాడితే మాగ్నమ్ ప్రైమరే కావాలి. ఈ పౌడర్‌ని తగ్గించి వేసినా, మామూలు ప్రైమర్‌తో వెలిగించినా సగం కాలి బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కోవచ్చు. చప్పుడు చిన్నగా, 'టప్'మని వస్తే వెంటనే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ పొడుగునా చూశాకే తర్వాతి తూటా. అసలు పేలకపోతే 30 సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచండి.

ఇది చదివే ఇండియా వాళ్లకి ఒక మాట: అక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం, 1959 ప్రకారం నేరం.

రైఫిల్ ప్రైమర్లతో చేసిన తూటాల డబ్బా మీద ప్రైమర్ రకం, పౌడర్ బరువు, తేదీ రాసిపెట్టండి. పాత వాటితో కలిశాయంటే పైనుంచి చూసి ఏది ఏదో తేల్చలేరు.