ఇరవై నిమిషాల ప్రసంగం విని మా వాడు దారి మార్చుకుంటానంటున్నాడు

ప్రశ్న: మేము విస్కాన్సిన్‌లో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి, స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తాడు. ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. పోయిన నెల వాళ్ల ఇంటరాక్ట్ క్లబ్ (రోటరీ వాళ్ల స్కూలు పిల్లల క్లబ్బు) పిల్లల్ని ఊళ్లో రోటరీ వాళ్ల మధ్యాహ్న భోజనానికి తీసుకెళ్లారు. ఆ రోజు ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగు) టీము ఎగ్జిక్యూటివ్ వచ్చి మాట్లాడాడట. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ కంప్యూటర్ సైన్స్ వద్దు, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ చదువుతానంటున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ, మంచు పడితే స్టేడియంలో సీట్ల మధ్య మంచు ఎత్తడానికి ఊళ్లోవాళ్లని పిలిచి గంటల లెక్కన డబ్బిస్తారని, అంతమందిని ఎలా పిలుస్తారో, ఎవరెవర్ని ఎక్కడ నిలబెడతారో గంటసేపు చెప్పాడు. మావారు సగంలో లేచి వెళ్లిపోయారు. వారంగా వాడితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఎవరో ఇరవై నిమిషాలు మాట్లాడితే జీవితం మార్చుకుంటారా అని ఆయన కోపం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారికి ఒక మాట. ఇరవై నిమిషాల మాట విని దారి మార్చుకోవడంలో వింతేమీ లేదు. మా తరంలో సగంమంది పక్కింటి అన్నయ్య ఎంసెట్ ర్యాంకు విని మార్చుకున్నాం. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అబ్బాయి విన్నది ఏమిటో చూద్దాం. రోటరీ 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టిన క్లబ్బు. అమెరికా చిన్న ఊళ్లలో ఈ వారం వారం భోజనాలకు బ్యాంకు మేనేజరు, పళ్ల డాక్టరు, స్కూళ్ల సూపరింటెండెంటు, కార్ల షోరూం ఆయన వచ్చి కూర్చుంటారు. సీజన్ టికెట్లు కొనేదీ, స్టేడియంలో ఖరీదైన బాక్సులు అద్దెకు తీసుకునేదీ, స్టేడియం కోసం పన్ను వెయ్యాలా వద్దా అన్నప్పుడు ఓటేసేదీ, నలుగురిచేత వేయించేదీ వీళ్లే. కాబట్టి ఆయన తీరిక దొరికి కబుర్లు చెప్పడానికి రాలేదు. ఆ పూట ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. మీ వాడు విన్నది ఉద్యోగం గురించిన ప్రసంగం అనుకుంటున్నాడు. నిజానికి వాడు ఆ ఉద్యోగాన్నే కళ్లారా చూశాడు.

మీ రాష్ట్రంలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. గ్రీన్ బే జనాభా లక్షకు కాస్త ఎక్కువ. అలాంటి ఊళ్లో 81 వేలమంది పట్టే స్టేడియం. 2000లో ఆ స్టేడియాన్ని, లాంబో ఫీల్డ్‌ను, 295 మిలియన్ డాలర్లతో బాగుచెయ్యాలనుకున్నారు. అందుకు బ్రౌన్ కౌంటీలో డాలరుకు అర సెంటు అమ్మకపు పన్ను వెయ్యాలి, అంటే జనం ఓటెయ్యాలి. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ టీము ప్యాకర్స్‌కు అప్పటి ప్రెసిడెంటు బాబ్ హార్లన్ ఆ ఎండాకాలమంతా జనంలోనే తిరిగాడు. చేతులు కలిపి, తిట్లు తిని, ఒకే మాట వందసార్లు చెప్పాడు. సెప్టెంబరులో ఓటింగు జరిగితే 53 శాతం సరే అన్నారు. అంత తిరిగితే వచ్చింది 53! ఆ పన్ను 2015లో ఆపేశారు. ఇదే పని ఫలించనిచోట ఏమవుతుందో చూడాలంటే కాన్సాస్ సిటీ ఉంది. అక్కడ జాక్సన్ కౌంటీ ఓటర్లు 2024 ఏప్రిల్‌లో స్టేడియాల పన్నును తిప్పికొట్టారు. అప్పటికి అక్కడి టీము చీఫ్స్ వరసగా రెండు సూపర్ బౌల్స్, అంటే లీగు ఫైనల్స్, గెలిచి ఉన్నారు. ఆట గెలిచినంత మాత్రాన ఓటు పడదన్నమాట.

హార్లన్ చదివింది జర్నలిజం. మార్కెట్ (Marquette) యూనివర్సిటీలో అక్కడి జట్ల వార్తలు పత్రికలకు అందించే పనిచేశాడు, తర్వాత సెయింట్ లూయిస్ బేస్‌బాల్ టీములో పౌరసంబంధాలు, 1971లో ప్యాకర్స్‌లో చేరి 1989లో ప్రెసిడెంటు అయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన మార్క్ మర్ఫీ ఆటగాడే, వాషింగ్టన్ టీముకు ఆడినవాడు. ఆడుతున్న రోజుల్లోనే ఎంబీఏ చేశాడు. ఆట మానేశాక జార్జ్‌టౌన్‌లో లా చదివి న్యాయశాఖలో లాయరుగా పనిచేశాడు, రెండు యూనివర్సిటీల్లో క్రీడా విభాగాలు నడిపాడు. అప్పుడుగానీ 2008లో ఆ కుర్చీలోకి రాలేదు. షికాగో బేర్స్‌ను ఇరవై ఏళ్లకు పైగా నడిపిన టెడ్ ఫిలిప్స్ అకౌంటెంటు, 1983లో లెక్కలు చూడటానికి చేరాడు. రెయిడర్స్ అనే ఇంకో టీమును నడిపిన అమీ ట్రాస్క్ లా చదువుతూ ఆ టీము లీగల్ విభాగంలో ఇంటర్నుగా వెళ్లింది. మనవాళ్లకు ఆసక్తిగా ఉండే పేరు పరాగ్ మరాఠే. బర్కిలీలో బిజినెస్ చదివి కన్సల్టెన్సీలో ఉంటే, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఏ వంతు ఎంత విలువైనదో లెక్కగట్టే పని శాన్‌ఫ్రాన్సిస్కో టీము ఫార్టీనైనర్స్ వాళ్లు అప్పగించారు. 2001లో అలా లోపలికి వెళ్లిన మనిషి ఇప్పుడు ఆ సంస్థ తరఫున ఇంగ్లండులో లీడ్స్ యునైటెడ్ అనే సాకర్ క్లబ్బుకు ఛైర్మన్.

ఈ ఐదుగురిలో ఎవరూ స్పోర్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పట్టుకుని రాలేదు. ఒకరికి రాయడం వచ్చు, ఒకరికి లెక్కలు, ఇద్దరికి చట్టం, ఇంకొకరికి అంకెలతో వాదించడం. చేతిలో ఒక పని ఉన్నవాళ్లు ఆటలోకి వెళ్లారు. అలాగని ఆ డిగ్రీని నేను తీసిపారెయ్యను. ఒహాయో యూనివర్సిటీలో 1966లో, మసాచుసెట్స్ ఆమ్‌హర్స్ట్‌లో 1971లో మొదలైన కోర్సులున్నాయి. వాటి బలం పాఠాల్లో కన్నా పూర్వ విద్యార్థుల్లో ఉంది. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ప్రతి లీగులోనూ ఉంటారు. అలాంటి బలగం లేని కాలేజీలో అదే డిగ్రీకి అప్పుచేసి చేరితే మాత్రం చేతికొచ్చేది కాగితమే. అడ్మిషన్ ఆఫీసును ఒక్కటే అడగండి: పోయినేడు బయటికెళ్లినవాళ్లలో ఎంతమంది జీతం వచ్చే ఉద్యోగాల్లో ఉన్నారు, ఏ పనిలో ఉన్నారు? జవాబు నీళ్లు నమిలినట్టుంటే లేచి వచ్చెయ్యండి.

ఇక చేదు సంగతులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీములు 32 మాత్రమే. ఆఫీసులో ఖాళీ పడితే ఫలానా ఊరికి పొమ్మంటారు, పోవాల్సిందే. వ్యాపారం వైపు మొదటి ఉద్యోగం చాలామందికి టికెట్ల అమ్మకమే, అంటే రోజంతా ఫోన్లో మనకు తెలియనివాళ్లను బతిమాలడం. ఆటగాళ్ల వైపు అయితే స్కౌట్ల పని, అంటే కొత్త ఆటగాళ్లను వెతుకుతూ ఏడాదిలో ఎక్కువ రోజులు కాలేజీల చుట్టూ తిరగడం. ఇప్పటి ప్యాకర్స్ జనరల్ మేనేజరు బ్రయన్ గుటెకున్‌స్ట్ 1990ల చివర్లో శిక్షణ శిబిరంలో ఇంటర్ను. ఆ పదవి వచ్చింది 2018లో. మొదట్లో జీతం మీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల పిల్లలతో పోల్చుకునేలా ఉండదు. శని, ఆదివారాలు పండగలకీ పెళ్లిళ్లకీ రాడు. చుట్టరికాలూ నడుస్తాయి. 2025లో ప్యాకర్స్ ప్రెసిడెంటు అయిన ఎడ్ పాలసీ సమర్థుడైన లాయరే, పైగా ఫార్టీనైనర్స్ మాజీ ప్రెసిడెంటు కొడుకు. మీ వాడికి ఆ వెసులుబాటు లేదు. లేకుండా ఎక్కినవాళ్లూ ఉన్నారు, పైన చెప్పాను.

(హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి ఇది చదివి స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్‌కి అమెరికా వెళ్దామనుకునేవాళ్లకు పక్కమాట. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. సైన్సు, టెక్నాలజీ, లెక్కల జాబితాలోని డిగ్రీ అయితే మరో 24 నెలలు కలుస్తాయి. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ కోర్సులు చాలావరకు ఆ జాబితాలోకి రావు. స్టాటిస్టిక్స్ వస్తుంది. అప్పు చేసే ముందు ఇది చూసుకోండి.)

మీవారి భయం కంప్యూటర్ సైన్స్ చేజారిపోతుందని. చేజారక్కర్లేదు. మైదానంలో ఆటగాళ్ల భుజాల కవచాల్లో చిప్పులుంటాయి, ఎవరు ఎంత వేగంతో ఎటు కదిలారో సెకనుకు పదిసార్లు నమోదవుతుంది. ఆ డేటాను ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ అనే పోటీ పెట్టి బయటివాళ్లకిస్తుంది. అందులో మంచి పని చూపించినవాళ్లను టీములు ఉద్యోగాల్లోకి తీసుకున్నాయి. ఆటగాళ్ల జీతాలకు లీగు పెట్టిన పరిమితి 2025లో టీముకు 279.2 మిలియన్ డాలర్లు. దాంట్లో 53 మందిని ఇమిడ్చే లెక్క చూసేవాళ్లు వేరే ఉంటారు. కాబట్టి తండ్రి కోరిందీ కొడుకు కోరిందీ ఒకే గదిలో కూర్చోవచ్చు.

కానీ నాకు అబ్బాయి అటు వెళ్తాడనిపించడం లేదు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ మంచు సంగతి. టీము ఎగ్జిక్యూటివ్ మాటలు విని వచ్చిన పదహారేళ్ల పిల్లాడు అన్నం ముందు ఒక్క ఆటగాడి పేరు చెప్పలేదు. అంతమంది మనుషుల్ని పొద్దున్నే ఎలా పిలుస్తారు, ఎక్కడ నిలబెడతారు, డబ్బెలా ఇస్తారు, ఇదీ వాడికి పట్టింది. అది ఆటమీది పిచ్చి కాదు. పదిమందితో పని జరిపించడం మీద గురి. 2025 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ గ్రీన్ బేలో పెడితే మూడు రోజుల్లో జనం లక్షల్లో వచ్చిపడ్డారు. లక్ష చిల్లర జనాభా ఉన్న ఊరికి! వాళ్లకు దారి, నీళ్లు, మరుగుదొడ్లు, పార్కింగు చూసినవాళ్లు ఉన్నారు కదా, మీ వాడి కళ్లు వాళ్లమీద ఉన్నాయి. ఆ గురి ఉన్నవాడు స్టేడియంలోనే కాదు, విమానాశ్రయంలో, ఆస్పత్రిలో, కౌంటీ ఆఫీసులో కూడా పనికొస్తాడు. అందుకే నా ఓటు ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌కో అకౌంటింగ్‌కో, పక్కన స్టాటిస్టిక్స్. మీ రాష్ట్ర యూనివర్సిటీలోనే అవన్నీ ఉన్నాయి, ఫీజు కూడా రాష్ట్రంవాళ్లకు తక్కువ. తర్వాత లా మీద మనసు పోతే క్రీడాచట్టానికి మిల్వాకీలోని మార్కెట్ (Marquette) లా స్కూల్ పేరున్నది.

ఈ ఏడాది చెయ్యాల్సినవి రెండే. స్కూల్ ఫుట్‌బాల్ కోచ్ దగ్గరికెళ్లి ఆట వీడియో తియ్యడానికో, సామాను లెక్క చూడటానికో మనిషి కావాలా అని అడగమనండి. కావాలనే అంటారు, ఆ పనికి ఎవరూ ముందుకు రారు. రెండోది, ప్యాకర్స్ ఏటా ఇచ్చే ఆదాయ వ్యయాల వివరాలు చదవమనండి. 32 టీముల్లో సొంతదారు లేనిది అదొక్కటే. అయిదు లక్షలమందికి పైగా వాటాదారులు, డివిడెండు లేదు, అమ్ముకునే వీల్లేదు. అందుకే దాని లెక్కలు జనానికి తెలుస్తాయి. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో లీగు నుంచి వచ్చిన వాటాయే 402 మిలియన్ డాలర్లు, మొత్తం ఆదాయం 654 మిలియన్లు. టికెట్లు, షాపు, స్టేడియం వగైరా ఊళ్లో సంపాదించుకున్నది ఆ మిగిలినదన్నమాట. ఆ లెక్క చదివి విసుగు పుట్టకపోతే నాకు మళ్లీ రాయమనండి.

ఆ ప్రసంగం చేసినాయనకు ఉత్తరం కూడా రాయించండి. ఇంటర్న్‌షిప్ అడగొద్దు. మీరు చేరిన మొదటి ఏడాది మీ బల్లమీద ఏ పని ఉండేది, అది ఎవరిచ్చారు, అని ఒక్క ప్రశ్న. రోటరీ క్లబ్బు ద్వారా పంపితే చేరుతుంది.

ఇక మీవారు. ఆయన్ని వాడితో కెరీర్ గురించి మాట్లాడమని నేననను. రాత్రి అన్నాల దగ్గర ఆ మంచు ఎత్తే సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పమని అడగమనండి. మొన్న ఆయన సగమే విన్నారు కదా.